మూడో నోరు

పోయిన వారం సుందరరాజుగారిని ఆటో ఎక్కించి, మెడలో విజిలు వేలాడదీసి, దారిలోనే వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆయన అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆటో కదిలేలోపు జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. కొత్తగా ఎక్కేవాళ్ళకూ కొంచెం చోటు ఇచ్చినట్టుంటుంది.

బత్తలపల్లె సంఘంలో పాస్టరు ఓబుళేసు రెండేళ్ళుగా కాపరుల బడి నడుపుతున్నాడు. బాప్తిస్మం నాడు పేరు మార్చుకోమని పెద్దలు అడిగితే, “దేవుడు నన్ను పిలిచింది ఈ పేరుతోనే గదా” అని పాత పేరుతోనే ఉండిపోయిన మనిషి ఆయన. పల్లెల్లో కూలికి పోయేవాళ్ళు పని మానుకోకుండా వారానికి రెండు సాయంత్రాలు వచ్చి నేర్చుకుని, తమ పల్లెలో ప్రార్థన గుంపును తామే నడుపుకోవాలని ఆయన ఆశ. ఆ బడిలో చివరి పరీక్షకు కాగితం ఉండదు. దాన్ని మూడో నోరు అంటారు. నేర్చుకున్న మనిషి వాక్యంలోని ఒక కథను ఊళ్ళో ఒకరికి చెప్పాలి. విన్నవాళ్ళు తమకు నచ్చిన ఇంకొకరికి చెప్పాలి. ఆ మూడో మనిషి ఎవరో నేర్చుకున్నవాళ్ళకు తెలియకూడదు. పరీక్ష రోజున సంఘపెద్ద పోయి ఆ మూడో నోట కథ వింటాడు. పేర్లు పోయినా ఫర్వాలేదు, ప్రాణం ఉంటే చాలు. ఉంటే గెలిచినట్టు.

సంఘపెద్ద మన సుందరరాజుగారు. గుంతకల్లు రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు గార్డు పని చేసి రిటైరైనాడు. రాత పరీక్ష లేని చదువు ఆయన దృష్టిలో టికెట్టు లేని ప్రయాణం. పాస్టరుతో మూడు మీటింగుల పాటు వాదించి, చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. తాను విజిలు ఊదేదాకా నేర్చుకున్న మనిషి నోరు విప్పకూడదు. విప్పితే తప్పినట్టే.

చిలమత్తూరు నుంచి కోడలిగా వచ్చిన జయంతి దర్జాగా గెలిచింది. డిగ్రీ చదివిన ప్రణీత్ తప్పాడు. అతని మూడో మనిషి కథ చెప్పమంటే లోపలికి పోయి, ప్లాస్టిక్ తొడుగు వేయించిన జిరాక్సు కాగితం ఒకటి తెచ్చి సుందరరాజుగారి చేతిలో పెట్టాడు. “జాగ్రత్తగా పెట్టినా సార్, మడత గూడా పడలేదు” అన్నాడు.

ఇక మిగిలింది రాళ్ళవంక మారెక్క. శెనక్కాయల కూలికి పోయే మనిషి, అక్షరం ముక్క రాదు. ఆ పల్లెలో రేకుల షెడ్డు కింద పదకొండు ఇళ్ళవాళ్ళు ప్రార్థనకు కూడుతున్నారు. మారెక్క గెలిస్తే ఆదివారం ఆమె తల మీద చేతులుంచి, ఆ గుంపును ఆమెకు అప్పగిస్తారు. తప్పితే షెడ్డుకు తాళం. పదకొండు ఇళ్ళవాళ్ళూ ఎండలో తొమ్మిది కిలోమీటర్లు నడిచి బత్తలపల్లెకు రావాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఎంతమంది వస్తారో మీరే చెప్పండి.

ఆటో కదిలింది.

ముందు సీట్లో డ్రైవరు ఆంజి పక్కన బయమ్మ కూర్చుంది. మారెక్క కథ చెప్పింది ఈ బయమ్మకే. పక్కింటి ముసలామె, వక్కాకు నమలకుండా ఒక మాట కూడా చెప్పదు. షెడ్డు బయట రాయి మీద కూర్చుని పాటలు వింటుంది కానీ లోపలికి రాదు. “నా దేవుండ్లు నాకుండారు. మీ పాటలు బాగుంటాయి” అంటుంది. మూడో మనిషి ఎవరో ఈమెకు ఒక్కదానికే తెలుసు. వెనక సీట్లో ఒక పక్క పాస్టరు, ఒక పక్క సుందరరాజుగారు, నడుమ మారెక్క. ఆమె నోరు విప్పకూడదు కాబట్టి చీర కొంగును రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

రామక్క ఇల్లు దాటింది. మూడో మనిషి ఉంటుందని మారెక్క అనుకున్నది ఆ ఇంట్లోనే. శ్రీరంగప్ప టీ అంగడి కూడా దాటింది. ఊరే దాటిపోయింది.

“యాడికి పోతాండాం అవ్వా?” అన్నాడు ఆంజి.

“నోరు మూసుకొని పోనీరా. ఎడమకు తిప్పు, ఆ శెనక్కాయల చేన్ల దిక్కు.”

పంట పెరికేసిన చేలు ఎర్రగా, ఖాళీగా పడి ఉన్నాయి. దూరాన గుట్టల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. వాటి ముందు ఒక చేలో తెల్లగా, నల్లగా కదులుతోంది ఏదో. ఆటో ఇంకొంచెం ముందుకు పోయాక గొర్రెల అరుపులు వినబడ్డాయి. ఎరువు కోసం చేలో మంద పెట్టిన గొర్రెల కాపరి ఒకడు కట్టె మీద గడ్డం ఆనించి ఇటే చూస్తున్నాడు.

మారెక్క ఆ నిలబడే తీరు చూసి గుర్తుపట్టింది. ముఖం కనబడేదాకా ఆగాల్సిన పని లేదు. నాయన కూడా అట్లాగే నిలబడేవాడు.

అతను తిప్పయ్య, మారెక్కకు సొంత అన్న. తొమ్మిదేళ్ళుగా ఆమెతో మాట లేదు.

ఆ తొమ్మిదేళ్ళ సంగతి ఊరికి తెలిసింది ఇంతే. అన్న మందను తోలుకుని కర్నూలు దిక్కు పోయిన ఎండాకాలంలో ఇంట్లో నాయనకు చివరి గడియ వచ్చింది. తిప్పయ్యకు కబురు అందలేదు. మూడో రోజు వచ్చేసరికి మట్టి వేయడం అయిపోయింది. పెద్దకొడుకు చేతి మట్టి లేకుండా నాయన పోయాడు. అప్పటినుంచి అన్న ఈ వీధిలోకి రాడు, చెల్లెలు ఆ వీధిలోకి పోదు.

ఊరికి తెలియనిది ఒకటుంది. అది మారెక్క కడుపులో ఉంది. దాన్ని ఆమె ప్రార్థనలో కూడా మెల్లగా, ఎవరికీ వినబడకుండా చెప్పుకుంటుంది.

పాస్టరు ముందుకు వంగాడు. బయమ్మ భుజం మీద మెల్లగా తట్టాడు. “అవ్వా, ఇంక మనిషే దొరకలేదా నీకు?”

“నాకు నచ్చినోళ్ళకు చెప్పమంటిరి గదా అయ్యగారూ. నాకు వీడు నచ్చినాడు” అని బయమ్మ వక్కాకు రసం ఉమ్మి, ఎవరి సాయం లేకుండా ఆటో దిగింది.

సుందరరాజుగారికి ఇదంతా పట్టలేదు. ఆయన నోటుబుక్కు తీశాడు. కథలో ఉండాల్సిన పది అంశాలు ముందే రాసుకుని ఉన్నాడు, ఎదురుగా టిక్కు పెట్టడానికి గళ్ళు గీసుకుని మరీ. “మారెక్కా, నువ్వు ఆటోలోనే ఉండు. విజిలు గుర్తుంది కదా” అని చెప్పి దిగాడు. ఆటో మందకు పది అడుగుల దూరంలోనే ఉంది. పక్క గుడ్డ దించి ఉంది కానీ మాటలు చక్కగా వినబడతాయి.

తిప్పయ్య సంఘంవాళ్ళను ఎగాదిగా చూశాడు.

“ముందే చెప్తాండా సారూ. మీ దేవునికి మొక్కమంటే నేను మొక్కను. కత చెప్పమంటే చెప్తా. బాగుండాది కత.”

“మొక్కమని అడిగేదానికి రాలేదు తిప్పయ్యన్నా. కతే కావాల” అన్నాడు పాస్టరు.

తిప్పయ్య కట్టెను నేలకు గుచ్చి, గొంతు సవరించుకున్నాడు.

“ఒక నాయనకు ఇద్దరు కొడుకులు. పేర్లు నాకు నోరు తిరగలేదు, అన్నా తమ్ముడూ అనుకోండి. నాయనకు కండ్లు కనపడవు. తమ్ముడు అన్న మాదిరి వేసం కట్టి, మేక తోలు చేతులకు చుట్టుకొని, అన్నకు రావాల్సిన దీవెన కొట్టేసినాడు. అన్న కోపం చూసి ఊరిడిసి పారిపోయినాడు. ఇరవై ఏండ్లు యాడో మామ మందలు కాసినాడు. బాగా సంపాదించినాడులే. అయినా ఇంటి మీద మనసు పోతాదా? ఎల్లబారినాడు తిరిగి. దారిలో కబురు తెలిసింది. అన్న ఎదురొస్తాండాడు, వెంబడి నన్నూరు మంది.”

సుందరరాజుగారి పెన్సిలు టకటకా నాలుగు టిక్కులు పెట్టేసింది.

“తమ్మునికి భయం పట్టుకుంది. ఏం చేసినాడంటే, మందలు విడదీసి ముందు తోలినాడు. ఇన్నూరు మేకలు, ఇరవై పోతులు. ఇన్నూరు గొర్రెలు, ఇరవై పొట్టేళ్ళు.” తిప్పయ్య ఇక్కడ ఆగి, సుందరరాజుగారి వైపు వేలు చూపించాడు. “చూస్తిరా సారూ? పదికి ఒకటి. సరిగ్గా పదికి ఒకటి. ఇది రాసినోడెవడో గానీ మందలో తిరిగినోడే. ఊరికే కతలల్లేటోడైతే ఐనూరు గొర్రెలకు రెండు పొట్టేళ్ళు అని రాస్తాడు.”

సుందరరాజుగారు తన జీవితంలో ఆ వచనం ఎన్ని వందల సార్లు చదివాడో. ఆ లెక్క ఎందుకట్లా ఉందో ఒక్కసారి కూడా ఆయనకు తోచలేదు. పెన్సిలు ఆగిపోయింది. అడక్కూడదనుకుంటూనే అడిగాడు. “ఇంకా ఏవో జంతువులు ఉన్నాయే?”

“అవేందో పెద్దవంట, మన దిక్కు లేవంట. నేను ఎగరగొట్టినా.”

ఆటోలో మారెక్క నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోనే కళ్ళలో నీళ్ళు వచ్చాయి. తొమ్మిదేళ్ళ తర్వాత అన్న గొంతు ఇంత దగ్గరగా వింటోంది. అందులోనూ తాను చెప్పిన కథ.

“మందకూ మందకూ నడాన ఎడం పెట్టినాడు” అంటూ తిప్పయ్య రెండు చేతులూ చాపి చూపించాడు. “ఎందుకంటారూ? అన్న ఒక మందను చూడాల, కోపం రవ్వంత దిగాల. అంతలోకే ఇంగో మంద. ఇంగో రవ్వంత. అన్నీ ఒకే తూరి తోలితే దుమ్ము లేస్తాది గానీ కోపం దిగదు. తెలివైనోడు తమ్ముడు. ఆ రేత్రి ఒక్కడే ఏటి గడ్డన ఉండిపోతే, ఎవరో వచ్చి తెల్లారేదాకా కుస్తీ పట్టినాడు. తొడ కీలు తప్పింది. దీవించి పోరా అని పట్టుకొని ఇడవలేదు వీడు. తెల్లారినాక కుంటుకుంటా పోయినాడు అన్న ముందరికి. ఏడు తూర్లు నేలకు వంగినాడు. అన్న పరుగెత్తుకొని వచ్చి మెడ మీద పడి ఏడ్చినాడు. ఇద్దరూ ఏడ్చినారు. ఇంతే కత.”

పది. పదికి పది.

పాస్టరు ఓబుళేసు ఎగిరి గంతేయలేదు కానీ వేసినంత పని చేశాడు. రెండేళ్ళుగా ఎంతమంది నవ్వారు ఈ పద్ధతిని చూసి. చదువురాని మనిషి నోట బయలుదేరిన కథ, గుడిసె దాటి, వీధి దాటి, గొర్రెల మందలోకి పోయి, పోయినప్పటికంటే బలంగా తిరిగొచ్చింది. సుందరరాజుగారి చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఆయన నోటుబుక్కు చంకలో పెట్టి, విజిలు అందుకుని, పళ్ళ నడుమ పెట్టుకున్నాడు. గుండెల నిండా గాలి పీల్చాడు.

“ఒగ మాట అడగల్ల సారూ” అన్నాడు తిప్పయ్య.

పీల్చిన గాలి పీల్చినట్టే ఆగింది. ఒకరు మాట్లాడుతుండగా విజిలు ఊదడం మర్యాద కాదని ఆయన ఆగాడు. ఈ కథంతా ఆ మర్యాద దగ్గరే మలుపు తిరిగింది.

“ఏడు తూర్లు వంగినాడు, బాగుండాది. మందలు ఇచ్చినాడు, బాగుండాది. అయితే తమ్ముడు నోరు తెరిచి ‘తప్పు చేసినానన్నా’ అని ఒక్క తూరి గూడా అన్లేదే. అది మీ రాతలోనే లేదా? లేకుంటే చెప్పినోళ్ళు మింగినారా?”

ఆ మాట అంటూ అతను చూసింది సుందరరాజుగారి వైపు కాదు. ఆటో గుడ్డ వైపు.

పాస్టరు కంగారుగా చేతిలోని గ్రంథం తెరిచాడు. వెతికాడు. ఇరవై ఏళ్ళుగా ప్రసంగాలు చేస్తున్న మనిషి, ఆ చోటు రెండుసార్లు చదివి, మెల్లగా తల ఎత్తాడు. “లేదు తిప్పయ్యన్నా. నిజంగానే లేదు.”

“ఊఁ” అన్నాడు తిప్పయ్య. “ఇంగోటి. మోసపోయినోడు అన్న. వానికి కోపం రావాల. మెడ మీద పడి ఏడ్చేది ఎందుకు? వాని కడుపులో ఏముండెనో అది గూడా ఎవురూ చెప్పలేదు.”

లోపల మారెక్క కొంగు వదిలేసింది.

ఆమెకు అన్నీ తెలుసు. ఒక్క ఊపిరి సేపు ఆగితే చాలు, విజిలు మోగుతుంది. ఆదివారం తల మీద చేతులుంచుతారు, షెడ్డు నిలబడుతుంది, పదకొండు ఇళ్ళవాళ్ళు తొమ్మిది కిలోమీటర్లు నడవక్కర్లేదు. విజిలు మోగాక దిగి చెప్పినా అన్న వింటాడు, తప్పేముంది? కానీ అన్న ఇప్పుడు అడిగాడు. పరీక్ష చేతిలో పడ్డాక చెప్తే అది ఒప్పుకోవడం ఎట్లా అవుతుంది, మందలు ముందు తోలినట్టే అవుతుంది. తొమ్మిదేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే. షెడ్డు, ప్రార్థన, ఉపవాసాలు అన్నీ ముందు తోలి, తాను వెనక దాక్కుంది. ఆ సంగతి ఆమెకు ఈ క్షణంలోనే తెలిసింది, తెలిసినాక ఆ సీట్లో కూర్చోలేకపోయింది.

గుడ్డ తీసి దిగింది.

“వద్దమ్మా, ఒక్క నిమిషం...” అన్నాడు పాస్టరు.

మారెక్క ఆయన్ను దాటి అన్న ముందు నిలబడింది. వంగలేదు.

“ఫోను నా దగ్గరే ఉండె అన్నా. నీ నంబరు నాకు నోటికి వస్తాది, అప్పుడూ వస్తాండె. నాయన పొద్దున్నించి తిప్పయ్యా తిప్పయ్యా అంటానే ఉన్నాడు. నేను చేయలేదు. నేను సంఘానికి పోతే నువ్వు నలుగురిలో నవ్వినావని కోపం. నువ్వు రాకుంటే బాగుండు అనుకున్నా. ఫోను అందలేదని ఊరంతా చెప్పినా. అది అబద్ధం. నీ చేతి మట్టి నాయన మీద పడకుండా చేసింది నేనే. తప్పు చేసినా.”

సుందరరాజుగారి పళ్ళ నడుమ విజిలు అట్లాగే ఉంది.

పాస్టరు ఆయన చెవి దగ్గరికి పోయి గొణిగాడు. “సార్, పదికి పది వచ్చినాక గదా మాట్లాడింది. ఇప్పుడన్నా ఊదండి. ఎవురు చూసినారు?”

సుందరరాజుగారు విజిలు తీసి జేబులో వేసుకున్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం గార్డు గొంతే. “ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో బండి కదిలాక విజిలు ఊదలేదు ఓబుళేసూ. ఇప్పుడు ఎట్లా ఊదను?”

మారెక్క ఆ మాట వింది. షెడ్డు పోయిందని అర్థమైంది. ఏడుపు రాలేదు. తొమ్మిదేళ్ళుగా మోస్తున్న గంప దించినట్టు మెడ తేలిగ్గా ఉంది, అంతే.

తిప్పయ్య మాత్రం కదల్లేదు. కోపగించుకోలేదు. పరుగెత్తుకుని రాలేదు. అతని ముఖం వాడిపోయి, భయపడ్డ మనిషి ముఖంలా ఉంది.

“చేయలేదా నువ్వు?” అన్నాడు.

“చేయలేదన్నా.”

“అబద్ధం చెప్పొద్దు మారీ. నీ ఫోను వచ్చింది నాకు. మూడు తూర్లు. నీ నంబరే.” అతను నేలకు గుచ్చిన కట్టెను పీకి పట్టుకున్నాడు. “నేనే ఎత్తలేదు. నువ్వు సంఘానికి పోయినావనే కోపానికి... నాయన కోసమని నాకు ఏం తెలుసు? మూడో దినం వచ్చి మట్టి చూసినాక తెలిసింది. పిలిచినా రానోడు అని నువ్వు అంటావని నీ వీధిలోకి రాలేదు. తొమ్మిదేండ్లు.”

మారెక్క అన్ననే చూస్తోంది. ఇన్నాళ్ళూ అన్న ముఖం తిప్పుకుంది తనమీది కోపంతో కాదా. ఇద్దరూ ఒకరికొకరు భయపడి రెండు వీధులుగా బతికారా.

“నేను చేయలేదన్నా” అంది మళ్ళీ, ఈసారి మెల్లగా. “నాయన చేయి కదిలే మాట లేదు. ఇంట్లో ఇంకెవురూ లేరు. నేను నీళ్ళకు పోయి వచ్చినా, గూట్లో ఫోను గూట్లోనే ఉండె. ఎవురు చేసినారు?”

ఎవరూ బయమ్మను చూడలేదు. ఆమె గొర్రెపిల్ల ఒకదాన్ని ఒళ్ళో వేసుకుని గట్టు మీద కూర్చుని ఉంది. నోట్లోని వక్కాకు తీసి దూరంగా పారేసింది. బయమ్మ వక్కాకు పారేయడం ఆ ఊళ్ళో ఎవరూ ఇంతవరకూ చూడలేదు.

“నేను నొక్కినా” అంది.

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఒకేసారి తిరిగారు.

“మారెక్క నీళ్ళకు పోయిండె. మీ నాయన నన్ను పిలిచి నంబరు చెప్పినాడు, నేను నొక్కినా. మూడు తూర్లు. నాలుగో తూరి నొక్కబోతే చాల్లే బయమ్మా అన్నాడు. నీకొక మాట చెప్తా, గుర్తు పెట్టుకో అన్నాడు. నా కొడుకూ కూతురూ ఒక చోట నిలబడిన దినం చెప్పు, ఒక్కొక్కరికి చెప్పొద్దు అని చేతిలో చేయి వేయించుకున్నాడు. మీరు ఎప్పుడు నిలబడితిరి? ఎన్ని తూర్లు నా నోట్లోకొచ్చిన మాటను వక్కాకుతో అదిమినానో నాకు తెలుసు. మొన్న ఈ మారెక్క అన్నాదమ్ముల కత తెచ్చి నాకు చెప్పి, నీకు నచ్చినోళ్ళకు చెప్పు అవ్వా అనె. అప్పుడనుకున్నా, ఇంగ దినం వచ్చిందిలే అని.”

ఆమె గొర్రెపిల్లను దించి, చీర దులుపుకుని లేచింది. సుందరరాజుగారు తనకు తెలియకుండానే నోటుబుక్కు తెరిచి, కొత్త పేజీ తిప్పి, పెన్సిలు పట్టుకున్నాడు.

“రాసుకో సారూ, మంచిదే” అంది బయమ్మ. “తొమ్మిదేండ్లయింది. ఒక్క ముక్క పోలేదు, ఒక్క ముక్క కలపలేదు. మీ నాయన అన్న మాట అన్నట్టే చెప్తా. మొదటి మాట నీకు తిప్పయ్యా, ఎనక మాట మారెక్కకు. ఇద్దరూ దగ్గరికి రాండి. ఇంకా దగ్గరికి.”

తిప్పయ్య కట్టె కింద పడింది. అతను ఒక అడుగు వేశాడు.